వేపుడు: ఒక పరిశోధన పుస్తకం నుంచి పదహారు నిమిషాల కథాచిత్రం దాకా, పని డైరీ

లెక్కలూ కోర్టు కేసులూ నిండిన పుస్తకాన్ని కథగా మార్చాలని కూర్చునేవాళ్ల కోసం రాస్తున్న లాగ్ ఇది. ఎందుకు మొదలుపెట్టామో, మొదటి వారం ఎంత ఊగిపోయామో వదిలేస్తున్నాను. ఉండేది ఎడిసన్, న్యూజెర్సీ. మనుషులం నలుగురం: రాత నాది, సౌండూ సామానూ మా ఆవిడ చూసింది, కెమెరా ఒక స్నేహితుడిది, మిగతా పనులన్నీ కింద ఫ్లాట్‌లో ఉండే ఎమ్మెస్ కుర్రాడివి. నలుగురికీ ఉద్యోగమో చదువో ఉంది కాబట్టి పనంతా శని, ఆదివారాల్లోనే.

దశ 1: హక్కులు

పుస్తకం అమెరికా ఫాస్ట్ ఫుడ్ వ్యాపారం మీద ఎరిక్ ష్లాసర్ రాసిన ఫాస్ట్ ఫుడ్ నేషన్. 1998లో రోలింగ్ స్టోన్ పత్రికలో రెండు భాగాల వ్యాసంగా వచ్చి, 2001లో పుస్తకమైంది. 2006లో రిచర్డ్ లింక్‌లేటర్ దాన్ని డాక్యుమెంటరీగా కాకుండా కథగా తీశాడు. స్క్రీన్‌ప్లే ఇద్దరూ కలిసి రాశారు. మా ఆలోచన ఇంకా చిన్నది. అందులో వేయించిన బంగాళాదుంపల మీద ఉన్న ఒక్క అధ్యాయాన్ని తీసుకుని షార్ట్ ఫిల్మ్ చేయాలి.

మొదటి తప్పు ఇక్కడే జరిగింది. హక్కుల సంగతి చూడకుండా మూడు సీన్లు రాసేశాను. అమెరికా చట్టంలో వాస్తవాలు ఎవరి సొత్తూ కావు. రచయిత వాటిని చెప్పిన మాటలు, పేర్చిన తీరు మాత్రం అతనివే. నేను రాసిన మూడిట్లో అన్నిటికన్నా బాగా వచ్చిన సీను ఏదంటే, డేటన్‌లో తిండికి రుచీ వాసనా తయారుచేసే ఫ్లేవర్ కంపెనీ ల్యాబులో ష్లాసర్ కళ్లు మూసుకుని కాగితపు పట్టీ వాసన చూసే ఘట్టం. పెనం మీద కాలుతున్న మాంసం వాసన వస్తుంది, కళ్లు తెరిస్తే ఎదురుగా తెల్ల కాగితం. డేటన్ మా ఇంటికి అరగంట లోపే. ఆ సీను చేతిలో పడగానే సినిమా సగం అయిపోయినట్టే అనుకున్నాను. కానీ అది అతనికి జరిగింది, చివరి మెలిక కూడా అతనిదే. తీసేయక తప్పలేదు.

తర్వాత పెట్టుకున్న పద్ధతి:

1. పుస్తకంలోని ప్రతి సంగతికీ బయట ఇంకో ఆధారం ఉందా చూడాలి. అంటే పాత పత్రికలు, కోర్టు వార్తలు, కంపెనీ ప్రకటనలు.
2. ఉంటే పచ్చ కార్డు. రచయిత తన కళ్లతో చూసిందీ, తనతో ఎవరో చెప్పిందీ అయితే ఎర్ర కార్డు.
3. ఎర్ర కార్డులన్నీ చెప్పుల డబ్బాలో వేసి టేపు అంటించాలి.

టేపు అవసరమా అని మా ఆవిడ నవ్వింది. రెండుసార్లు నేనే విప్పబోయాను.

ఇప్పటిదాకా: 14 గంటలు, 31 డాలర్లు (పాత పుస్తకం రెండు కాపీలు, సినిమా అద్దె), పనికొచ్చే పేజీలు 0.

దశ 2: సినిమాను విప్పి చూడడం

రెండుసార్లు చూశాం. మొదటిసారి ఊరికే, రెండోసారి సీనుకో కార్డు రాసుకుంటూ.

పుస్తకానికి కథానాయకుడు లేడు. సినిమా దాన్ని మూడు అంతస్తులుగా కోసింది. పైన డాన్ అనే మార్కెటింగ్ అధికారి, మధ్యలో కౌంటర్ దగ్గర పనిచేసే ఆంబర్ అనే అమ్మాయి, అడుగున సరిహద్దు దాటి వచ్చి మాంసం ఫ్యాక్టరీలో చేరే సిల్వియా, రవుల్. పుస్తకంలో కొలరాడో స్ప్రింగ్స్, గ్రీలీ లాంటి అసలు ఊళ్లుంటే, సినిమాలో కోడీ అనే కల్పిత ఊరు. మెక్‌డొనాల్డ్స్ పేరు పక్కన పెట్టి మిక్కీస్ అనే కల్పిత సంస్థను నిలబెట్టారు. ఊరూ పేరూ కల్పించుకున్నారు, ఫ్యాక్టరీలో మనిషికి ఏమవుతుందో మాత్రం కల్పించలేదు. మేం అరువు తెచ్చుకున్న కొలత అదే.

నీరసపడిన చోట్లు కూడా రాసుకున్నాం. ఎవరో ఒకరు డాన్‌ని కూర్చోబెట్టి విషయం వివరించినప్పుడల్లా కార్డు మీద "క్లాసు" అని రాశాం. సినిమా సగానికి వచ్చేసరికి అతను దాదాపు మాయమైపోతాడు. నన్నడిగితే, అతని దగ్గర చెప్పాల్సిన సమాచారం అయిపోయింది, మనిషి మిగల్లేదు. ఒక్క మినహాయింపు నటుడు బ్రూస్ విల్లిస్ సీను. అదీ మాటలే, బోలెడు మాటలు. కానీ మాంసంలో ఏం కలుస్తుందో ఒప్పుకుంటూనే చేతిలో బర్గర్ కొరుకుతుంటాడు. చూసేవాడి కళ్లు ఆ నోటి మీద ఉంటాయి, వాక్యం దానంతటదే లోపలికి పోతుంది. ఇంకోటి, విద్యార్థులు కంచె కత్తిరించి ఆవుల్ని వదిలేయబోతే ఆవులు కదలకుండా నిలబడే సీను. దాని కార్డు మీద నేను "వాస్తవాలు: సున్నా" అని రాశాను, కెమెరా స్నేహితుడు దాని కిందే "అన్నీ" అని రాశాడు. గంటసేపు కొట్టుకున్నాం.

ఈ దశలో ఒక పక్కదారి కూడా పట్టాం. కొన్నాళ్లు బంగాళాదుంప వదిలేసి కబేళా కథ చేద్దామనుకున్నాం. పుస్తకంలో ఒక లెక్క ఉంది: పాత షికాగో ప్లాంట్లలో గంటకు సుమారు 50 పశువులు, తర్వాత వచ్చిన కొత్త ప్లాంట్లలో 175, పుస్తకం రాసేనాటికి కొన్నిచోట్ల 400 దాకా. కాగితం మీద అంకెలే. ఫోన్లో మెట్రోనోమ్ (లెక్కగా టిక్ టిక్‌మని కొట్టేది) పెట్టి చూడండి:

1. 50 అంటే 72 సెకన్లకు ఒకటి. కత్తి నూరుకోవచ్చు, పక్కవాడితో ఓ మాట చెప్పవచ్చు.
2. 175 అంటే సుమారు 20 సెకన్లకు ఒకటి. మాట్లాడలేం.
3. 400 అంటే 9 సెకన్లకు ఒకటి.

మూడో వేగంతో వంటింట్లో అట్టముక్కలు కోస్తూ పది నిమిషాలు నిలబడ్డాం. ఆరో నిమిషానికి కుర్రాడు వేలు కోసుకున్నాడు. చిన్న గాయమే, బ్యాండేజీతో పోయింది. ఆ లెక్క ఇప్పుడు మా నలుగురికీ నోటికి వచ్చు. కానీ దాన్ని నిజాయితీగా తీయాలంటే నిజమైన ప్లాంటు కావాలి. లింక్‌లేటర్ బృందం ఆ దృశ్యాలకు మెక్సికో వెళ్లి నిజమైన కబేళాలోనే తీసింది. మాకు అద్దె కారు తీసుకోవడమే ఎక్కువ. పక్కదారి మూసేశాం.

ఇప్పటిదాకా: 37 గంటలు, 43 డాలర్లు (కార్డులు, రంగు పెన్నులు), కార్డులు 64, పేజీలు 0.

దశ 3: 64 కార్డుల నుంచి 11

మా కథకు వెన్నెముక ఏమిటో పచ్చ కార్డులే చెప్పాయి. మెక్‌డొనాల్డ్స్ ఫ్రైస్ ఏళ్ల తరబడి 93 శాతం గొడ్డు కొవ్వు, 7 శాతం సోయా నూనె కలిపిన దాంట్లో వేగేవి. కొలెస్ట్రాల్ గొడవ ముదిరాక 1990లో కంపెనీ శాకాహార నూనెకు మారింది. ఆ మాట విని, ఇంకేముంది మనమూ తినొచ్చు అనుకున్న శాకాహారులు ఎందరో. రుచి పోకుండా ఫ్రైస్‌లో గొడ్డు మాంసం ఫ్లేవర్ కలుస్తూనే ఉందని 2001లో గొడవైంది. ఆ మేలో సియాటిల్‌లో కేసు పడింది. ముంబైలో ఔట్‌లెట్ల మీద దాడులు జరిగాయి. భారత్‌లో అమ్మే ఫ్రైస్‌లో అది లేదని కంపెనీ చెప్పింది. 2002లో కోటి డాలర్లు హిందూ, శాకాహార, ఇతర సంస్థలకు ఇచ్చేలా రాజీ కుదిరింది.

తొంభైల్లో ఇక్కడికి వచ్చిన తెలుగువాళ్లలో మాంసం ముట్టనివాళ్లకు ఆ రోజుల్లో బయట దొరికే తిండి ఎంతనుకున్నారు? పిజ్జా, ఫ్రైస్. కేసు సంగతి వింటూ పెరిగినవాళ్లు మా చుట్టూ ఉన్నారు. ఇది కొలరాడోకో ఐడహోకో వెళ్లి వెతుక్కోనక్కర్లేని కథ.

కార్డు ఉండాలా పోవాలా అన్నదానికి ఒకే ప్రశ్న పెట్టాం: ఈ సంగతి తెలిసినందువల్ల ఎవరైనా చేత్తో చేసే పని మారుతుందా? మారకపోతే పోవాలి. ఇలా పోయినవాటిలో ముద్దులొలికేవి ఉన్నాయి. దుంపల్ని సెకనుకు 117 అడుగుల వేగంతో నీటి గొట్టంలోంచి కత్తుల జల్లెడ మీదికి కొట్టి ముక్కలు చేసే యంత్రం పోయింది. ఒక్క చుక్క అయిదు ఈతకొలనులకు సరిపోయే క్యాప్సికం వాసన పోయింది. దేశంలో అమ్ముడయ్యే ఫ్లేవర్లలో మూడింట రెండొంతులు మా న్యూజెర్సీ టర్న్‌పైక్ హైవే చుట్టుపక్కలే, పుస్తకం రాసేనాటికి, తయారయ్యేవన్న కార్డు మాత్రం ఉంచాం. కథలో మామయ్య ఉద్యోగం దాని మీదే నిలబడింది.

కథ: సత్యం, శారద, తొమ్మిదేళ్ల కిట్టు. శారద అన్నయ్య, అంటే కిట్టు మామయ్య, ఫ్లేవర్ ల్యాబులో టెక్నీషియన్. శుక్రవారం పొద్దున తలంటు, దీపం, సాయంత్రం కిట్టుకి ఫ్రైస్. ఒక శుక్రవారం పేపర్లో వార్త వస్తుంది.

ఇప్పటిదాకా: 52 గంటలు, 43 డాలర్లు, కార్డులు 11, పేజీలు 6.

దశ 4: మొదటి డ్రాఫ్టు చెడిపోయిన తీరు

31 పేజీలు వచ్చింది. పేజీకి నిమిషం అనే లెక్క నమ్ముకుంటే 31 నిమిషాలు. ఇడ్లీలు పెట్టి ఆరుగురిని కూర్చోబెట్టి చదివిస్తే 39 పట్టింది. తెలుగు డైలాగుకు మాకు పేజీ సగటున నిమిషం పదిహేను సెకన్లు వస్తోంది. మీరూ ముందే గడియారం పెట్టి చూసుకోండి.

ఆ 39లో మామయ్య ఒక్కడే ఏకబిగిన 4 నిమిషాల 40 సెకన్లు మాట్లాడాడు. నూనె మార్పు, ఫ్లేవర్ ఎక్కడ కలుస్తుంది, లేబుల్ మీద ఏమని రాస్తారు, అన్నీ. నాలుగు రోజుల తర్వాత ఆ ఆరుగురికీ ఫోన్ చేసి ఏం గుర్తుందని అడిగాను. ఒక్కరికీ ఆ ప్రసంగం గుర్తులేదు. నలుగురు చెప్పింది ఒకటే, నేను పేజీ నింపడానికి రాసిన ముక్క: ఇంటికి రాగానే మామయ్య చెయ్యి వాసన చూసి, ఇవాళ ల్యాబులో ఏం చేశాడో కిట్టు కనిపెట్టే ఆట. "ఇవాళ స్ట్రాబెర్రీ మామయ్యా!"

డేటన్ కాగితపు పట్టీ సీను పోయిందని నెల రోజులు ఏడ్చాను. దానికి బదులు మా చేతికే దొరికింది, చూసుకోలేదు.

మార్పులు:

1. మామయ్య ప్రసంగం మొత్తం తీసేశాం. వార్త వచ్చిన రోజు అతను చెయ్యి ఇవ్వడు. జేబులో పెట్టుకుంటాడు. అతనికి ముందే తెలుసా లేదా అన్నది చెప్పం.
2. సత్యం కోపంగా అరిచే సీను పోయింది. అతను "బావా, నిజమేనా?" అని ఒక్కసారి అడుగుతాడు, అంతే.
3. శారద గోడ క్యాలెండర్ తీసి లెక్క మొదలుపెడుతుంది. 1994 మే నుంచి 2001 మే దాకా ఏడేళ్లు, ఏడాదికి 52 శుక్రవారాలు, 364. ఇండియా వెళ్లిన ఆరు వారాలు తీసేస్తే 358. పెన్సిలుతో రాసి, కొట్టేసి, మళ్లీ రాస్తుంది. కోర్టు కేసు గురించి సినిమాలో వినిపించేది ఈ లెక్క ఒక్కటే.
4. కథ మొదట 2000 దీపావళికి పెట్టాను, దీపాలు అందంగా వస్తాయని. కేసు పడింది 2001 మేలో. మేకు మార్చాం. దీనివల్ల స్వెట్టర్లు పోయాయి, సాయంత్రం ఎనిమిది దాకా వెలుతురు వచ్చిపడింది, రాత్రి సీను ఒకటి పగటి సీనైంది. తేదీ తప్పుగా ఉంటే మిగతాదీ నమ్మరు, బాధపడినా మార్చుకోవడమే.

రెండో డ్రాఫ్టు 22 పేజీలు, మూడోది 17.

ఇప్పటిదాకా: 96 గంటలు, 83 డాలర్లు (టిఫిన్లు), పేజీలు 17.

దశ 5: సామాను

ఫ్రైస్ కెమెరాకు లొంగవు. కొలిచాం: మూకుట్లోంచి తీసినప్పటి నుంచి లైటు కింద 7 నిమిషాలు బాగుంటాయి, 10కి వంగుతాయి, 15కి చచ్చిన వానపాముల్లా ఉంటాయి. పైన నూనె రాస్తే మెరుపు వస్తుంది కానీ అట్టపెట్టెకు మరక పడుతుంది. చివరికి చేసింది:

1. ఒక్కో టేకుకు గుప్పెడు మాత్రమే వేయించడం.
2. వెనక వరసలో ఎండబెట్టి గట్టిపడిన పాత ఫ్రైస్, ముందు వరసలో వేడివి.
3. పెట్టె మేమే తెల్ల అట్టతో చేసుకున్నాం, పేరూ గుర్తూ లేకుండా. మొదట ఒక కల్పిత పేరు అచ్చు వేయించాం. అది అసలు పేరుకు ప్రాస కలిసి వెటకారంగా వినిపించింది, పారేశాం.
4. పేపరు మీద నిజమైన పత్రిక పేరు, మేం పుట్టించిన హెడ్‌లైను రెండూ పెట్టలేదు. మడత అంచు, శారద వేలు మాత్రమే కనిపిస్తాయి.

ఫ్రోజెన్ ప్యాకెట్ కొనేటప్పుడు వెనక చిన్న అక్షరాలు చదివి దుంప, నూనె, ఉప్పు, రంగు నిలవడానికి వేసేది తప్ప ఇంకేమీ లేనిదే తీసుకున్నాం. ఎందుకంటే శారద వేషం వేసింది మా పక్క బిల్డింగ్‌లో ఉండే పిన్నిగారు. పుట్టి బుద్ధెరిగాక మాంసం వాసన పడని మనిషి.

ఇప్పటిదాకా: 118 గంటలు, 229 డాలర్లు (అట్ట, దుంపలు, రెండు వారాంతాలకు మైకు అద్దె).

దశ 6: షూటింగు, నూనె సంగతి

లొకేషను: మా వంటిల్లు, మా కారు. రెస్టారెంటు లోపల తీయలేదు. అడిగిన రెండు చోట్లా కాదన్నారు, అడగకుండా తీసే ఉద్దేశం లేదు. కారు వెనక సీట్లో కిట్టు, ఒళ్లో పెట్టె, కిటికీలోంచి మసకగా కదిలే లైట్లు. అంతే చాలింది.

మొదటి రోజు సజావుగా సాగింది. రెండో రోజు మధ్యాహ్నం నూనె అయిపోయింది. కుర్రాడు కిందకి పరిగెత్తి తన ఫ్లాట్ నుంచి సీసా తెచ్చాడు. నాలుగు టేకులు తీశాం. శారద మాట్లాడుతూ అలవాటుగా నోట్లో రెండు ఫ్రైస్ వేసుకునే షాటు అది. పిన్నిగారు నాలుగుసార్లూ నిజంగానే తిన్నారు, ఉమ్మేయండి అన్నా వినలేదు. అయిదో టేకుకు ముందు మా ఆవిడ సీసా మూత తీసి వాసన చూసి నా వైపు చూసింది. ముందు రోజు రాత్రి కుర్రాడు చేపలు వేయించి వడకట్టి పెట్టుకున్న నూనె.

ఒక నిమిషం ఎవరూ మాట్లాడలేదు. చెప్పొద్దు, ఎలాగూ అయిపోయింది కదా అన్నాడు కెమెరా స్నేహితుడు మెల్లగా. సిగ్గుతో రాస్తున్నాను, నాకూ ఆ క్షణం అదే అనిపించింది. మూడు నెలలుగా మేం రాస్తున్న సినిమా దేని గురించో!

మా ఆవిడే వెళ్లి చెప్పింది. పిన్నిగారు సింక్ దగ్గరికి వెళ్లి నోరు కడుక్కున్నారు, మళ్లీ కడుక్కున్నారు, చున్నీతో తుడుచుకున్నారు. కుర్రాడు "సారీ ఆంటీ" అంటూ ఏడుపు మొహం పెట్టాడు. "నువ్వేం చేస్తావు నాయనా" అని, బ్యాగు తీసుకుని ఇంటికి వెళ్లిపోయారు. లైట్లు ఆర్పేశాం. ఇక సినిమా లేదనుకున్నాం.

తర్వాతి శనివారం పొద్దున ఫోన్ చేసి వస్తున్నానన్నారు. వచ్చేటప్పుడు సొంత మూకుడు, సీలు తీయని నూనె సీసా, జల్లి గరిటె తెచ్చుకున్నారు. స్టవ్ దగ్గర ఎవరినీ నిలబడనివ్వలేదు. నాలుగు టేకులూ మళ్లీ తీశాం.

మార్చుకున్నవి:

1. తినే వస్తువు పని ఒక్కరికే అప్పగించాం. సీసాలకు చీటీ, దాని మీద తేదీ, ఎవరు కొన్నారు.
2. శారద వార్త చదివాక ఏం చేయాలన్నది నా స్క్రిప్టులో "కన్నీళ్లు" అని ఉంది. కొట్టేశాను. నోరు కడుక్కుంటుంది, మళ్లీ కడుక్కుంటుంది. ఇది వాడుకోవచ్చా అని పిన్నిగారిని అడిగే పెట్టాం. "చేసి చూపిస్తాలే, నువ్వు రాయకు" అన్నారు.
3. చేప నూనెతో తీసిన నాలుగు టేకులూ హార్డ్ డిస్కు నుంచి తుడిచేశాం. వాటిలో రెండు బాగున్నాయి. ఆమె అడగలేదు, మాకే ఉంచుకోబుద్ధి కాలేదు.

ఇప్పటిదాకా: 171 గంటలు, 539 డాలర్లు. ఇందులో మళ్లీ తీసినందుకు అయినవి 122, మైకు అద్దె ఇంకో వారాంతం పెరగడంతో.

దశ 7: ఎడిటింగు

మొదటి కూర్పు 21 నిమిషాలు. ఇప్పటిది 16 నిమిషాల 20 సెకన్లు. పోయినవన్నీ సత్యం మాటలే, పాపం. వేషం వేసిన స్నేహితుడికి ఇంకా చెప్పలేదు.

వేగే చప్పుడు పెద్ద తలనొప్పి. మైకు మూకుడుకు అడుగు దూరంలో పెడితే వాన పడుతున్నట్టు వచ్చింది, నాలుగడుగులైతే ఫ్రిజ్ హోరు. రెండడుగులు, ఫ్రిజ్ ప్లగ్గు తీసేసి, తడి ఆరిన దుంపలతో. ఫ్రిజ్ ప్లగ్గు మళ్లీ పెట్టడం మర్చిపోయాం, పాలు విరిగాయి. అది ఖర్చులో వేయలేదు.

మొన్న ఆదివారం పిన్నిగారికి కూర్పు చూపించాం. క్యాలెండర్ సీను దగ్గర ఆపమన్నారు.

"358 కాదు బాబూ" అన్నారు.

ఇండియా ప్రయాణం తీసేశాం కదా పిన్నిగారూ అన్నాను.

"అది కాదు. శుక్రవారం రాత్రి పెట్టె అడుగున మిగిలేవి కదూ. పారేయబుద్ధి కాక శనివారం పొద్దున ఓవెన్‌లో వేడిచేసి నేనే తినేదాన్ని. అవి ఎవరు లెక్కపెడతారు?"

మొత్తం ఇప్పటికి 240 గంటలు, 539 డాలర్లు. వచ్చే శనివారం ఒక్క షాటు తీయాలి: పెన్సిలు శుక్రవారాల వరస దాటి పక్క వరసలోకి జరుగుతుంది. క్యాలెండర్ ఇంకా గోడకే ఉంది. పెన్సిలు పిన్నిగారి దగ్గరే ఉండిపోయింది.